షింకాయ్ ఆకాశం, భూపాలపల్లి సైరన్

యానిమే మీద ఇష్టంతో షార్ట్ ఫిల్మ్ మొదలుపెట్టే విద్యార్థులు ముందుగా పట్టుకునేవి పెద్ద కళ్లు, రంగుల జుట్టు, చెర్రీ పూలు. అవన్నీ పైపూతలే. అభిమాన దర్శకుడి దగ్గర నిజంగా నేర్చుకోవాల్సింది వేరే ఉంది: చేతిలో ఉన్న కాస్త సరంజామాతో ఆయన కథనెలా నిలబెట్టాడన్నది. అందుకు జపాన్ యానిమే దర్శకుడు మకోతో షింకాయ్ మంచి పాఠం.

గేమ్ కంపెనీలో ఉద్యోగం చేస్తూనే ఆయన 1999లో ‘షీ అండ్ హర్ క్యాట్’ అనే అయిదు నిమిషాల నలుపు తెలుపు చిత్రం చేశాడు. తర్వాత ఉద్యోగం మానేసి, ఇంట్లో ఒక్క కంప్యూటర్ ముందు కూర్చుని, దాదాపు ఒంటరిగా, ‘వాయిసెస్ ఆఫ్ ఎ డిస్టెంట్ స్టార్’ను 2002లో పూర్తిచేశాడు. నిడివి సుమారు 25 నిమిషాలు. అంతరిక్షంలోకి వెళ్లిన అమ్మాయి పంపే మెసేజ్, ఆమె దూరమయ్యేకొద్దీ ఆలస్యమవుతుంది. చివరికి ఒక్క మెసేజ్ చేరడానికి ఎనిమిదేళ్లు దాటుతుంది. రాకెట్లు అలంకారం మాత్రమే, కథంతా ఆ ఆలస్యంలోనే ఉంది.

ఆ ఆలస్యం కోసం నక్షత్రాల దాకా పోనక్కర్లేదు. భూపాలపల్లిలో సింగరేణి గనులున్నాయి. గనిలోకి సెల్‌ఫోన్ తీసుకుపోనివ్వరు. మానుకోటలో, అంటే మహబూబాబాద్‌లో, అమ్మమ్మ ఇంట ఉండి చదువుకునే బిడ్డకు పరీక్ష ఫలితం వచ్చిందనుకుందాం. జనగామలో కాపురం ఉంటున్న అక్క ఫోన్ చేస్తుంది. “బాపుకు చెప్పినవా?” “బాపు గనిల ఉన్నడు.” షిఫ్టు దిగేదాకా ఆ కబురు ఫోన్లోనే ఆగిపోతుంది. మూడు ఊళ్లు, రెండు గొంతులు, ఒక నిరీక్షణ: అయిదు నిమిషాలకు ఇంత కథ చాలు.

ఇక లెక్క చూద్దాం. సినిమాకు సెకనుకు 24 ఫ్రేములు. అయిదు నిమిషాలంటే 7,200. ఒక్కో బొమ్మను మూడు ఫ్రేముల పాటు నిలిపితే 2,400 బొమ్మలు సరిపోతాయి. జపాన్ టీవీ యానిమే ఈ పొదుపుతోనే పెరిగింది. 1963లో ఒసాము తెజుకా ‘ఆస్ట్రో బాయ్’ను వారం వారం అందించగలిగింది బొమ్మలు తగ్గించుకునే. షింకాయ్ ఇంకో అడుగు వేశాడు. మనుషుల కదలిక తగ్గించి, ఆ శ్రమను ఆకాశం, వెలుతురు, నేపథ్యాల మీద పెట్టాడు. నిజమైన చోట్లను ఫొటో తీసి, వాటిని ఆధారం చేసుకుని కంప్యూటర్‌లో రంగులు వేయడం ఆయన పద్ధతి. కిటికీ పక్కన అమ్మాయి కదలకుండా కూర్చున్నా, వెనక పొడుగాటి బొమ్మను పక్కకు జరిపితే రైలు నడుస్తుంది.

ఆ ఫొటోలకు మన దగ్గర కొదవ లేదు. మానుకోట నుంచి కాజీపేట మీదుగా సికింద్రాబాద్ వెళ్లే రైలు జనగామను దాటుకునే పోతుంది. భూపాలపల్లికి రైలు లేదు, హనుమకొండలో పరకాల మీదుగా వెళ్లే బస్సెక్కాలి. మిర్చి సీజన్‌లో కేసముద్రం మార్కెట్ ఎరుపు, చెల్పూరు విద్యుత్ కేంద్రం పొగగొట్టాల వెనక సాయంత్రం, బొగ్గు లారీ వెళ్లాక లేచే దుమ్ము: వీటి రంగులు జపాన్ చిత్రాల్లో దొరకవు. అయితే ఫొటోల కోసం పట్టాల మీదికి దిగకూడదు. స్టేషన్‌లో సినిమా చిత్రీకరణకు రైల్వే అనుమతి కావాలి.

గీయడానికి ముందు కథను గళ్లుగా విడదీయాలి. జనగామకు దగ్గర్లోని చేర్యాలలో నకాషీ చిత్రకారులు ఈ పని ఎన్నో తరాలుగా చేస్తున్నారు. పొడవాటి గుడ్డ పటం మీద వాళ్లు గడి తర్వాత గడిగా గీసిన కథను చూపిస్తూ కథకులు పాడతారు. షింకాయ్ అయితే గళ్లను వీడియోగా కూర్చి, పాత్రల మాటలన్నీ తన గొంతుతోనే చెప్పి, షాట్ల నిడివి తేల్చుకుంటాడు. ఎక్కడ విసుగొస్తుందో అప్పుడే తెలిసిపోతుంది.

ఖర్చు గురించి దిగులక్కర్లేదు. బొమ్మలు గీసి కదిలించే సాఫ్ట్‌వేర్లు బ్లెండర్, క్రిటా ఉచితం. 2025లో ఆస్కార్ గెలిచిన లాత్వియా చిత్రం ‘ఫ్లో’ బ్లెండర్‌లోనే తయారైంది. షిఫ్టు వేళకు మోగే గని సైరన్, స్టేషన్ ప్రకటన, బస్సు హారన్ ఫోన్లో రికార్డు చేసుకోవచ్చు. షింకాయ్ సినిమాల సంగీతం మాత్రం వాడొద్దు, అది కాపీరైట్ కిందికి వస్తుంది.

పూర్తయ్యాక యానిమే అభిమానుల కన్నా ముందు సింగరేణి కాలనీలో వేసి చూపించాలి. షిఫ్టు దిగేటప్పుడు వెలుతురు ఇట్ల ఉండదని ఒక్క కార్మికుడు అన్నా సరే, ఆ షాట్ మళ్లీ గీయాల్సిందే.