ప్రవేశము వేఱు, అధికారము వేఱు

అనేక వెబ్‌సైట్లను తెఱచినపుడు పేరును, పాస్‌వర్డును అడుగుట మీరెఱిగినదే. వచ్చినవారెవరో తెలిసికొనుట యొక పని. వారేమి చూడవచ్చును, దేనిని మార్చవచ్చును అని నిర్ణయించుట మఱియొక పని. మొదటిదానియందు మనవారు చూపు శ్రద్ధ రెండవదానియందు చూపుటలేదని నా యభిప్రాయము.

2019 మే నెలలో అమెరికాయందు బయటపడిన సంగతి చూడుడు. ఇండ్ల హక్కులకు బీమా చేయు ఫస్ట్ అమెరికన్ అను సంస్థవారి వెబ్‌సైటులో ప్రతి పత్రమునకును ఒక వరుస సంఖ్య యుండెను. లింకులోని ఆ సంఖ్యలో ఒక్క అంకె మార్చినచో పరుల పత్రము తెఱచుకొనెడిది. బ్యాంకు ఖాతాల సంఖ్యలు, పన్నుల కాగితములు మున్నగునవి గల సుమారు 88 కోట్ల 50 లక్షల పత్రములు ఇట్లు బయలుపడి యుండెనని బ్రయన్ క్రెబ్స్ అను పాత్రికేయుడు వెల్లడించెను. అచట తాళము పగులగొట్టవలసిన పనియే లేదు. "ఈ పత్రము నీదేనా?" అని అడుగువాడు లేడు, అంతే. పాస్‌వర్డు పెట్టినను ఈ ప్రశ్న లేనిచో ఒక ఖాతాదారుడు మఱియొకని కాగితములు చూడగలడు గదా!

కొందఱు "తొలగించు" అను బొత్తామును సామాన్యులకు కనబడకుండ దాచి తృప్తిపడుదురు. అది రక్షణ కాదు. బ్రౌజరు వాడువాని చేతిలోనిది. బొత్తాము లేకున్నను ఆ కోరికను అతడు నేరుగా సర్వరునకు పంపగలడు. కావున విచారణ సర్వరునందే, ప్రతి కోరికకును జరుగవలెను. సాల్ట్‌జర్, ష్రోడర్ అను శాస్త్రజ్ఞులు 1975లోనే ఈ మాట వ్రాసిరి. పనికి కావలసినంత అధికారమే ఈయవలెననియు వారు చెప్పిరి.

వందలమంది ఉద్యోగులకు విడివిడిగా అనుమతులు వ్రాయుట చిక్కు. అందుచే 1992లో ఫెరయోలో, కూన్ అనువారు పాత్రల పద్ధతిని వివరించిరి. అనుమతులు గుమాస్తా, తనిఖీదారు మొదలగు పాత్రలకు చెందును; మనుష్యులకు పాత్రలు చెందును. ఇది సుఖమైన పద్ధతియే గాని చాలదు. వైద్యుని పాత్రకు రోగుల వివరములు చూచు అనుమతి కలదనుకొందము; ఈ రోగి ఆ వైద్యుని చికిత్సలో ఉన్నాడా యను ప్రశ్న మిగిలియే యుండును. దానిని వేఱుగ విచారింపవలెను. నియమము వ్రాయని చోట నిరాకరణయే నియమము కావలెను.

ఉద్యోగి శాఖ మారినపుడు క్రొత్త పాత్ర నిచ్చుట ఎవరును మఱువరు. లేనిచో అతడే వచ్చి అడుగును. పాతదానిని తీసివేయుమని మాత్రము ఎవరును రారు. కనుక ఆ జాబితాను నియమిత కాలములయందు పరిశీలించు భారమును ఆయా శాఖాధికారికి పేరుపెట్టి అప్పగింపవలెను.