మంటల నడుమ పిల్లికి దారి

గాంధారి మండలంలో వడ్లు, మక్కలు, సోయా బస్తాలు ఇంట్లోనే పేర్చుకునే కుటుంబాలకు ఎలుక పెద్ద శత్రువు. అందుకే ఇక్కడి పిల్లికి ముద్దుతో పాటు పంట కాపలా పని కూడా ఉంటుంది. పాత గూనపెంకుల ఇంట్లో దాని రాకపోకలకు కొదవ లేదు. దూలానికీ గోడకూ మధ్య సందు, పెంకు జారిన చోటు, దొడ్డి తలుపు కింది ఖాళీ, ఏదో ఒకటి దొరికేది. ఇప్పుడు కడుతున్న స్లాబు ఇండ్లలో కిటికీలకు దోమల జాలీ, తలుపులకు గొళ్లేలు, వరండాకు ఇనుప గేటు. ఇంటివాళ్లు తాళం వేసి చేనుకు పోతే పిల్లి లోపలే బందీ. ఆ వేళ పాత వైరు నిప్పు రాజేసినా, దేవుడి దగ్గరి దీపం ఒరిగినా దానికి బయటపడే మార్గమే లేదు. ఇల్లు మార్చుకున్నాం, మంచిదే. ఆ ఇంట్లో మనతో ఉండే ప్రాణి దారి మూసేశామన్న సంగతి మాత్రం మనకు తట్టలేదు.

జంతువులు ప్రమాదాన్ని ముందే పసిగట్టి పారిపోతాయని చాలామంది నమ్ముతారు. పిల్లి విషయంలో ఈ నమ్మకం ప్రాణం తీస్తుంది. భయపడిన పిల్లికి దారి తెరిచి ఉంటే పరుగెత్తుతుంది. లేదంటే నక్కుతుంది. మంచం కింద, బీరువా వెనుక, చుట్టిపెట్టిన పరుపుల్లో, బస్తాల సందులో ఒంటిని ముడుచుకుని కదలకుండా ఉండిపోతుంది. కుక్క తరిమినప్పుడు ఈ ఉపాయం దాన్ని కాపాడుతుంది. పొగ మాత్రం ప్రతి సందులోకీ దూరుతుంది. అటక మీదికి ఎక్కితే పరిస్థితి మరీ ఘోరం. వేడి పొగ తేలికగా ఉండి పైకి లేస్తుంది, కప్పు కింద పొరగా పేరుకుని క్రమంగా కిందికి దిగుతుంది. గది మొత్తం ఒక్కసారిగా అంటుకునే ముందు కప్పు దగ్గరి వేడి 500 నుంచి 600 డిగ్రీల సెల్సియస్‌కు చేరుతుంది. ఆ దశకు చాలా ముందే పిల్లి ఊపిరి ఆగిపోతుంది.

ఎందుకంటే ఇంటి మంటల్లో కాలి చనిపోయేవాళ్లకంటే పొగకు చనిపోయేవాళ్లే ఎక్కువ. మనిషికీ పిల్లికీ ఇందులో తేడా లేదు. సరిగా మండని కట్టె, పత్తి, బట్ట కార్బన్ మోనాక్సైడును వదులుతాయి. రక్తంలోని హిమోగ్లోబిన్ ఆక్సిజన్‌ను పట్టుకునే శక్తి కంటే ఈ వాయువును పట్టుకునే శక్తి రెండు వందల రెట్ల పైన ఉంటుంది. ఊపిరి ఆడుతున్నట్టే ఉంటుంది, ఒంటికి మాత్రం ప్రాణవాయువు అందదు. నురగ పరుపులు, సోఫాలు కాలితే సైనైడు వాయువు కూడా తోడవుతుంది. నేలకు దగ్గరగా ఉండే పిల్లికి మొదటి నిమిషాల్లో కాస్త మెరుగైన గాలి దక్కుతుంది. అయితే వంటగ్యాసు కారుతున్న ఇంట్లో ఇది తలకిందులవుతుంది. ఆ గ్యాసు గాలికంటే బరువైనది కాబట్టి పిల్లి ఉన్న ఎత్తులోనే పేరుకుంటుంది.

మరి పిల్లికి దారి ఎలా తెలియాలి? ఎడ్వర్డ్ థార్న్‌డైక్ అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త 1898లో తన పిల్లుల ప్రయోగాలను ప్రచురించాడు. ఆకలిగా ఉన్న పిల్లిని చెక్కపెట్టెలో పెట్టి, బయట తిండి ఉంచేవాడు. లోపల తాడు లాగితేనో మీట నొక్కితేనో తలుపు తెరుచుకుంటుంది. మొదటిసారి పిల్లి గోకేది, కొరికేది, నాలుగు వైపులా దూకేది. చివరికి కాలు తగిలి తలుపు తెరుచుకునేది. మళ్లీ మళ్లీ పెట్టగా పెట్టగా, నిమిషాలు పట్టిన పని సెకన్లకు దిగింది. పిల్లి హఠాత్తుగా ఆలోచించి దారి కనిపెట్టలేదు, అభ్యాసంతో నేర్చుకుంది. నిప్పు పడిన రోజున దానికి అభ్యాసం చేసే వ్యవధి ఉండదు. ఆ పాఠం మామూలు రోజుల్లోనే జరగాలి, చెప్పవలసింది మనమే.

ఇందుకు పెద్ద ఖర్చేమీ లేదు. మూత ఉన్న గంప గానీ, గాలి ఆడే ప్లాస్టిక్ పెట్టె గానీ పిల్లి పడుకునే చోటే ఎప్పుడూ తెరిచి ఉంచాలి. రోజూ పాలన్నం అందులోనే పెట్టాలి. పెట్టే ముందు గిన్నె మీద ఒకే తీరుగా చప్పుడు చేయాలి. కొన్ని వారాలకు ఆ చప్పుడు వింటే చాలు, ఎక్కడ నక్కినా అది గంపలోకి నడిచి వస్తుంది. అడపాదడపా మూత వేసి, వీధిలోకి తీసుకుపోయి, అక్కడ తిండి పెట్టి తిరిగి తేవాలి. పిల్లిని డాక్టరు దగ్గరికి తీసుకెళ్లే రోజున మాత్రమే గంప బయటికి తీసే ఇంట్లో, గంపను చూడగానే పిల్లి పారిపోతుంది. స్లాబు ఇంటికి పిల్లి దూరేంత సందు ఒకటి, దొడ్డివైపు గోడలోనో తలుపు కిందనో వదలడం కూడా నా దృష్టిలో తప్పనిసరి. పాము వస్తుందన్న భయం న్యాయమైనదే. తోసుకుంటే తెరుచుకుని తిరిగి మూసుకునే చిన్న రేకు తలుపు బిగిస్తే ఆ భయం చాలావరకు తీరుతుంది.

ఈనిన పిల్లుల సంగతి ప్రత్యేకం. పిల్లి తన పిల్లలను ఏడిండ్లు తిప్పుతుందని మన పెద్దలు ఊరికే అనలేదు. నిన్న పరుపుల్లో ఉన్న కూనలు నేడు అటక మీద ఉండవచ్చు. ఆ చోటు ఇంట్లో అందరికీ తెలిసి ఉండాలి. కూనల కోసం తల్లిపిల్లి మంటల్లోకి వెళ్లిన ఉదంతం ఒకటి ఉంది. 1996 మార్చి 30న న్యూయార్క్ నగరంలోని బ్రూక్లిన్‌లో ఒక పాడుబడ్డ గ్యారేజీ అంటుకుంది. తర్వాత స్కార్లెట్ అని పేరు పడిన వీధి పిల్లి ఒకటి తన ఐదు కూనలను ఒక్కొక్కటిగా నోట కరుచుకుని బయటికి చేర్చింది. కళ్లు బొబ్బలెక్కి మూసుకుపోయాయి, చెవులు, పాదాలు కాలాయి. చూపు లేక, ముక్కుతో ఒక్కో కూననూ తడిమి, ఐదూ ఉన్నాయని తేలాకే కూలబడింది. డేవిడ్ జియానెలి అనే అగ్నిమాపక ఉద్యోగి వాటిని చికిత్సకు చేర్చాడు. తల్లి 2008 వరకు బతికింది. ఆ తల్లిని తలచుకుంటే గుండె బరువెక్కుతుంది. దానితో పాటే ఒక హెచ్చరిక కూడా వినాలి. కూనలు లోపల ఉంటే, బయటికి తెచ్చిన తల్లిపిల్లి మళ్లీ మంటల్లోకే పోతుంది. తెచ్చిన వెంటనే గంపలో పెట్టి మూత బిగించాలి.

నిప్పు కనిపించిన క్షణాన ముందు మనుషులు. పిల్లలూ ముసలివాళ్లూ బయటపడ్డాక 101కి గానీ 112కి గానీ ఫోను చేయాలి. బయటికి పోయే దారిలోనే పిల్లి చేతికందితే దుప్పటి కప్పి తలతో సహా చుట్టి, దిండు గలీబులోనో గోనెసంచిలోనో దించి మూతి పట్టుకోవాలి. ఒట్టి చేతులతో పట్టుకుంటే కరుస్తుంది, రక్కుతుంది. కరిస్తే సబ్బునీళ్లతో పావుగంట కడిగి రేబిస్ టీకా కోసం ఆస్పత్రికి వెళ్లాలి. పిల్లి దొరకకపోతే వెతుకుతూ ఆగవద్దు. బయటికి వచ్చాక వెనక్కి అసలే పోవద్దు. మంట లేని వైపు నుంచి దొడ్డి తలుపు తెరవగలిగితే తెరిచి దూరంగా నిలబడి, అలవాటైన గిన్నె చప్పుడు చేయాలి. అగ్నిమాపక సిబ్బంది రాగానే పిల్లి ఉందని, ఫలానా చోట నక్కుతుందని చెప్పాలి. ఆ ఒక్క మాట వాళ్ల వెతుకులాటను చాలా తగ్గిస్తుంది.

పారిపోయిన పిల్లి సాధారణంగా దగ్గరలోనే దాక్కుంటుంది. ఊరు సద్దుమణిగాక, రాత్రిపూట నెమ్మదిగా పిలుస్తూ పక్కిండ్ల కొట్టాల్లో, గడ్డివాముల్లో చూడాలి. దొరికాక ఒంటి మీది మసిని తడిబట్టతో తుడవాలి, లేకపోతే నాకి మింగుతుంది. కాలిన చోట చల్లని నీళ్లు పోయాలి. టూత్‌పేస్టు, నూనె, పసుపు పూయకూడదు. మనుషుల నొప్పి మాత్ర పారాసిటమాల్ ఎట్టి పరిస్థితుల్లోనూ ఇవ్వకూడదు. దాన్ని విరిచి బయటికి పంపే ఎంజైము పిల్లి కాలేయంలో తగినంత ఉండదు, ఒక్క మాత్ర చంపగలదు. పొగ పీల్చిన పిల్లి మొదట హుషారుగానే కనిపించి, ఒకటి రెండు రోజుల్లో ఊపిరితిత్తుల్లో నీరు చేరి కుప్పకూలవచ్చు. కాబట్టి పడుకున్నప్పుడు పక్కటెముకల కదలిక లెక్కపెట్టాలి. నిమిషానికి ఇరవై, ముప్పై సార్లయితే మామూలే. నలభై దాటినా, నోరు తెరిచి ఊపిరి తీస్తున్నా తెల్లవారేదాకా ఆగకుండా పశువైద్యుణ్ణి కలవాలి. పశువైద్య సహాయ నంబరు 1962కి ఫోను చేసి సలహా అడగవచ్చు.