గోడమీది స్పీకర్‌కి జ్వరమొస్తే...

ఆర్టీసీ క్రాస్‌రోడ్స్‌లో కొత్త సినిమా మొదటి ఆట నడుస్తోందనుకోండి. ఈలలు, చప్పట్లు, కాగితాల వాన. ఆ సందట్లో కుడిగోడమీద నాలుగో స్పీకర్ మూగబోయింది. ఎవరికి తెలుస్తుంది? ప్రేక్షకుడికి తెలీదు. అద్దం వెనక గదిలో ఉండే ఆపరేటర్‌కి అసలే తెలీదు. వారాలు గడిచిపోతాయి. ‘ఈ హాల్లో సౌండ్ ఎందుకో అంత బాగోదు’ అన్న పేరు మాత్రం మిగిలిపోతుంది. సంధ్య, దేవి, సుదర్శన్ అంటూ హాలుని ఎంచుకుని మరీ సినిమాకెళ్లే పేటలో అదేమీ చిన్న నష్టం కాదు.

ఇలాంటి రోగాల్ని కనిపెట్టే నాడి ఒకటుంది. కంప్యూటర్లను కలిపే మామూలు ఈథర్‌నెట్ తీగ! 1973లో అమెరికాలోని జెరాక్స్ పరిశోధనశాలలో రాబర్ట్ మెట్‌కాఫ్ బృందం దీనికి రూపమిచ్చింది ఆఫీసు కంప్యూటర్ల కోసం. ఇప్పుడు యాంప్లిఫయర్లకీ, సౌండ్ ప్రాసెసర్లకీ ఆ తీగ తగిలించే సాకెట్ ఉంటోంది. ఇంటికి డోర్‌నంబర్ ఉన్నట్టే ప్రతి పెట్టెకీ ఓ అడ్రస్. మేనేజర్ గదిలో కంప్యూటర్ తెరిస్తే చాలు... ఏ యాంప్లిఫయర్ వేడెక్కిందో, ఏది మోయలేనంత మోస్తోందో రంగుల గీతల్లో కనిపిస్తుంది.

స్పీకర్ సంగతీ తెలుస్తుంది. దానికి వెళ్లే వోల్టేజీనీ కరెంటునీ కొలిస్తే నిరోధం ఎంతో లెక్క తేలుతుంది. 8 ఓమ్‌లు ఉండాల్సిన స్పీకర్‌లో కాయిల్ కాలి తెగితే ఆ అంకె అమాంతం పెరిగిపోతుంది. అయితే చాలా హాళ్లలో గోడమీది స్పీకర్లు నాలుగైదు కలిపి ఒకే ఛానెల్‌కి కట్టేస్తారు. అప్పుడు ‘వీటిలో ఒకటి పోయింది’ అనేవరకే కంప్యూటర్ చెబుతుంది. ఏదో తేల్చడానికి నిచ్చెన ఎక్కాల్సిందే! 2012లో వచ్చిన డాల్బీ అట్మాస్‌లో ఒక్కో స్పీకర్‌కి విడిగా శబ్దం పంపొచ్చు. గరిష్ఠంగా 64 దారులు. కాబట్టి అక్కడ వెతుకులాట తక్కువ.

మనిషి చేసే తప్పు మాటేమిటి? థియేటర్ ప్రాసెసర్‌మీద వాల్యూమ్‌కి 0 నుంచి 10 దాకా అంకెలుంటాయి. 7 దగ్గర పెట్టినప్పుడు తెరవెనకున్న ఒక్కో ఛానెల్ నుంచి వచ్చే పరీక్ష శబ్దం సీట్ల దగ్గర 85 డెసిబెల్స్ ఉండేలా సరిచేస్తారు. సినిమాని మిక్స్ చేసే స్టూడియోలోనూ అదే కొలత. తీరా ప్రకటనలు చెవులు బద్దలు కొడుతున్నాయని ఎవరో కేకేస్తారు. ఆపరేటర్ 5కి దించుతాడు. సినిమా మొదలయ్యాక పెంచడం మర్చిపోతాడు. హీరోయిన్ గుసగుస ఏసీ హోరులో కలిసిపోతుంది. ప్రకటనలకో అంకె, సినిమాకో అంకె ముందే రాసిపెడితే సినిమా నడిపే సర్వరే నెట్‌వర్క్‌లో కబురు పంపి మార్చేస్తుంది.

చిక్కడపల్లి త్యాగరాయ గానసభలోనో, నారాయణగూడ కాలేజీల ఆడిటోరియంలోనో జరిగే నాటకాలకి ఇబ్బంది వేరు. మిక్సర్ ఏ మూలనో ఉంటే ముందువరుసలో ఏం వినిపిస్తోందో తెలీదు. వైఫై కలిపితే సౌండ్ మనిషి టాబ్లెట్ పట్టుకుని జనం మధ్యే కూర్చుని సర్దొచ్చు. వేదిక నుంచి వెనక్కి తొండంలా పాకే లావుపాటి మల్టీకోర్ కేబుల్ కూడా అక్కర్లేదు. 2006లో ఆస్ట్రేలియా సంస్థ ఆడినేట్ తెచ్చిన డాంటే వంటి పద్ధతుల్లో పదుల కొద్దీ మైకుల శబ్దం ఒకే సన్నని తీగలో వెళ్తుంది. మధ్యలో మరో స్విచ్ పెట్టకపోతే రాగి తీగ 100 మీటర్లు దాటకూడదు, అంతే.

భయాలూ ఉన్నాయి. కంట్రోల్ తీగ తెగితే పాత అమరికలతోనే పాట సాగుతుంది. కానీ శబ్దమే వెళ్తున్న తీగ తెగిందా... నిశ్శబ్దం! అందుకే పెద్ద హాళ్లలో రెండో తీగ లాగుతారు. ఫ్యాక్టరీ నుంచి వచ్చిన పాస్‌వర్డ్‌ని అలాగే వదిలేసి, ప్రేక్షకుల వైఫైతో కలిపేస్తే మాత్రం ఏ ఆకతాయి చేతికైనా వాల్యూమ్ అప్పగించినట్టే.

ఈ తాళమే బయటివాళ్లకీ మేలు చేస్తుంది. అశోక్‌నగర్ గదుల్లో గ్రూప్స్‌కి చదువుకునే కుర్రాళ్లని అడగండి, పక్కవీధి ఫంక్షన్ గురించి! 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం నివాస ప్రాంతాల్లో పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ మించకూడదు. కొద్ది పండుగ రోజుల మినహాయింపు తప్పిస్తే రాత్రి 10 తర్వాత ఆరుబయట లౌడ్‌స్పీకర్లు ఆపాల్సిందే. ప్రాసెసర్‌లో హద్దు పెట్టి, పాస్‌వర్డ్ హాలు యజమాని దగ్గరే ఉంచుకుంటే డీజే ఎంత తిప్పినా శబ్దం ఆ గీత దాటదు. సరిగ్గా పదింటికి కట్టేయమని గడియారాన్ని కూడా ముందే సెట్ చేసిపెట్టొచ్చు.