చీకట్లో దిగి, తెల్లారేలోపు మాయం

1940 జూన్. డంకర్క్ నుంచి బ్రిటిష్ సైన్యం ప్రాణాలు దక్కించుకుని ఇల్లు చేరింది. నార్వే నుంచి ఫ్రాన్స్ దాకా అవతలి ఒడ్డంతా హిట్లర్ గుప్పిట్లో ఉంది. పెద్ద ఎదురుదాడికి ఆయుధాలు లేవు. అయినా ఊరుకోవడం చర్చిల్‌కు చేతకాదు. కొద్దిమందిని రాత్రిపూట పడవల మీద పంపి, శత్రువుకు కంటిమీద కునుకు లేకుండా చేయమన్నాడు. అలా మొదలైన కమాండో దాడుల్లో రికార్డులకు కొదవ లేదు. కొన్ని వింటే నవ్వొస్తుంది. కొన్నింటికి మూల్యం ఎవరు చెల్లించారో తెలిస్తే ఆ నవ్వు ఆగిపోతుంది.

తొలి దాడి, ఒకే ఒక్క చెవి

జూన్ 24 రాత్రి సుమారు 115 మంది ఫ్రాన్స్‌లోని బొలోన్ పరిసరాల్లో వేర్వేరు చోట్ల దిగారు. ఇద్దరు కాపలా సైనికులను చంపడం మినహా సాధించిందేమీ లేదు. బ్రిటిష్ వైపు గాయపడింది ఒక్కడే, డడ్లీ క్లార్క్. తూటా చెవిని రాసుకుంటూ పోయింది. అసలు కమాండో దళం పెట్టాలన్న ఆలోచన ఆయనదే. ఆ రాత్రి ఊరికే చూసొద్దామని వెళ్లాడు! తిరిగొచ్చిన పడవల్లో ఒకదాన్ని ఫోక్‌స్టన్ రేవులోకి రానివ్వలేదు, ఎవరి దగ్గరా గుర్తింపు కాగితాలు లేవు మరి. ఎదురుచూసి ఎదురుచూసి పడవలోని రమ్ము తాగేశారు. ఒడ్డెక్కగానే, సైన్యం నుంచి పారిపోయి వచ్చిన బాపతు అనుకుని మిలిటరీ పోలీసులు పట్టుకెళ్లారు.

ఈత రాని కమాండోలు

అధ్వాన్నపు దాడి ఏదంటే నా ఓటు జూలై 14 రాత్రి, జర్మన్ల చేతిలో ఉన్న గెర్న్‌సీ దీవి మీద జరిగినదానికే. దిక్సూచి తప్పు చూపడంతో ఒక పడవ పక్కనున్న సార్క్ దీవి దారి పట్టింది. గెర్న్‌సీలో దిగినవాళ్లు వెతుక్కుంటూ వెళ్లిన బ్యారక్‌లో ఒక్క జర్మన్ కూడా లేడు. దళ నాయకుడు డర్న్‌ఫర్డ్ స్లేటర్ కాలు జారి పడ్డాడు, చేతిలోని రివాల్వర్ పేలింది. అలల పోటుకు పడవలు ఒడ్డుకు రాలేకపోయాయి, ఈదుకుంటూ రమ్మన్నారు. అప్పుడు బయటపడింది, కొందరికి ఈతే రాదని. వాళ్లను దీవిలోనే వదిలేసి రావాల్సి వచ్చింది, తర్వాత జర్మన్లకు దొరికిపోయారు. చర్చిల్ మండిపడకుండా ఉంటాడా?

హిట్లర్‌కు టెలిగ్రాం

1941 మార్చి 4న నార్వేలోని లొఫోటెన్ దీవుల్లో చేపనూనె ఫ్యాక్టరీలను తగలబెట్టారు. ఆ నూనె నుంచి వచ్చే గ్లిజరిన్ పేలుడు పదార్థాలకు పనికొస్తుంది. ఇది ఐదొందల మంది దిగిన దాడి కాబట్టి చిన్నదేమీ కాదు, కానీ ఒక అధికారి చేసిన కొంటెపని కోసం చెప్పుకోవాలి. స్టామ్‌సుండ్ పోస్టాఫీసుకు వెళ్లి బెర్లిన్‌లోని హిట్లర్ పేరిట తంతి కొట్టాడు. ఎక్కడ దిగినా ఎదుర్కొంటామన్నారు కదా, మీ సైనికులెక్కడ అని. బ్రిటిష్ వైపు గాయం ఒక్కటే. తన పిస్తోలుతో తన తొడనే కాల్చుకున్న మరో అధికారిది.

ఒక్క తూటా పేలకుండా

అన్నింటికన్నా శుభ్రంగా జరిగిన దాడి కాస్కెట్స్ లైట్‌హౌస్ మీద. ఇంగ్లిష్ ఛానెల్‌లో, ఆల్డర్నీ దీవికి పడమరగా నీళ్లలోంచి పొడుచుకొచ్చిన రాళ్ల గుట్ట అది. చుట్టూ సుడులు తిరిగే ప్రవాహం. పైన ఏడుగురు జర్మన్లు, ఒక వైర్‌లెస్ కేంద్రం. 1942 సెప్టెంబర్ 2 అర్ధరాత్రి దళ నాయకుడు గస్ మార్చ్ ఫిలిప్స్‌తో కలిపి మొత్తం పన్నెండు మంది చిన్న పడవలో తెడ్లు వేసుకుంటూ వచ్చి రాళ్లెక్కారు. జర్మన్లు కొందరు నిద్రలో ఉన్నారు, కొందరు అప్పుడే పడుకోబోతున్నారు. తల మీద జుట్టు వల కట్టుకుని పడుకున్న ఒకతన్ని ఆడమనిషి అనుకున్నారట. తుపాకీ ముట్టుకునే వ్యవధి కూడా ఎవరికీ చిక్కలేదు. వైర్‌లెస్ పగలగొట్టి, సంకేత పుస్తకాలు మూటగట్టుకుని, ఏడుగురినీ పైజామాలతోనే పడవెక్కించారు. వచ్చేటప్పుడు పన్నెండు మంది, వెళ్లేటప్పుడు అదే పడవలో పంతొమ్మిది.

అదృష్టం పది రోజులే నిలిచింది. అదే మార్చ్ ఫిలిప్స్ నార్మండీలోని సాంత్ ఒనొరీన్ దగ్గర దిగి చనిపోయాడు. ఆయనతో కలిపి దిగిన పదకొండు మందిలో ఒక్కరూ ఆ రాత్రి వెనక్కి రాలేదు.

చేతులు కట్టినందుకు

అదే ఏడాది అక్టోబర్ 3 రాత్రి డజను మంది కమాండోలు సార్క్‌లో దిగారు. దీవిలోని ఒక వితంతువు జర్మన్లు ఎక్కడున్నారో చెప్పింది. ఇంగ్లండు వచ్చేయమంటే రానంది. తర్వాత ఆమెను జర్మనీలోని నిర్బంధ శిబిరానికి పంపారు. హోటల్‌లో దొరికిన ఐదుగురు జర్మన్ల చేతులు కట్టి నడిపిస్తుంటే పెనుగులాట జరిగింది. కొందరు చచ్చారు, ఒక్కడినే తీసుకురాగలిగారు. చేతులు కట్టిన బందీలను చంపారన్న ఆగ్రహం, ఆగస్టులో ఫ్రాన్స్‌లోని డియెప్ రేవు మీద జరిగిన దాడిపై ఉన్న కోపం కలిసి అక్టోబర్ 18న హిట్లర్ రహస్య ఆజ్ఞగా మారాయి. కమాండోలు దొరికితే, యూనిఫాంలో ఉన్నా, చేతులెత్తినా, చంపేయాలి. ఇంత చిన్న దాడికి ఇంత పెద్ద పర్యవసానం ఇంకోటి నాకు కనిపించలేదు.

రెండు నెలలకే ఆ ఆజ్ఞ పదిమంది రాయల్ మెరైన్ల మీద పడింది. డిసెంబర్ 7న జలాంతర్గామి నుంచి ఐదు మడత పడవలు దించుకుని, రాత్రుళ్లు తెడ్లేస్తూ, పగళ్లు గట్ల మీద నక్కుతూ ఫ్రాన్స్‌లోని జిరోండ్ నదిలో బోర్డో రేవుకు బయల్దేరారు. చేరింది రెండు పడవలు. ఓడలకు అయస్కాంతపు మందుపాతరలు అంటించి ఐదింటిని దెబ్బతీశారు. ఇద్దరు నీళ్లకూ చలికీ పోయారు. పట్టుబడిన ఆరుగురినీ జర్మన్లు చంపేశారు. స్పెయిన్ మీదుగా బతికి బయటపడింది హాస్లర్, స్పార్క్స్ ఇద్దరే.

దూరంలో రికార్డు

ఆసియాలో జపాన్ పట్టిన సింగపూర్ మీద దాడికి 1943లో పద్నాలుగు మంది ఆస్ట్రేలియా నుంచి బయల్దేరారు. ఎక్కింది జపాన్‌వాళ్ల పాత చేపల పడవే, పేరు మాత్రం మన కట్లపాముది, ‘క్రెయిట్’. ఒంటికి గోధుమ రంగు పూసుకుని, లుంగీల్లాంటి సరోంగ్‌లు కట్టి, జపాన్ జెండా ఎగరేసుకుంటూ వెళ్లారు. సెప్టెంబర్ 26 రాత్రి ఆరుగురు మడత పడవల్లో రేవులోకి చొరబడి ఏడు ఓడలకు మందుపాతరలు పెట్టారు. 48 రోజుల్లో అందరూ క్షేమంగా తిరిగొచ్చారు. రేవులో పేల్చింది ఎవరో జపాన్‌వాళ్లకు అంతుబట్టలేదు. చాంగీ నిర్బంధ శిబిరంలోని పౌరుల పనే అనుకుని అక్టోబర్ 10 నుంచి 57 మందిని చిత్రహింసలు పెట్టారు. పదిహేను మంది చనిపోయారు. మరుసటి ఏడు ఇరవై ముగ్గురితో మళ్లీ ప్రయత్నించారు. ఒక్కరూ మిగల్లేదు.

దేన్నీ పేల్చని దాడి

ఇన్నింటిలో ఉత్తమం ఏదని అడిగితే నేను చెప్పేది ఇసుక దొంగతనం గురించి. సైన్యాన్ని దింపాలనుకున్న నార్మండీ తీరంలో ఇసుక కింద మెత్తటి పీట్ నేల ఉంటే ట్యాంకులు దిగబడిపోతాయని భయం. 1943 డిసెంబర్ 31 రాత్రి మేజర్ స్కాట్ బౌడెన్, సార్జెంట్ ఆగ్డెన్ స్మిత్ ఈదుకుంటూ ఒడ్డెక్కి, పాక్కుంటూ పాక్కుంటూ పోయి, గొట్టాలతో ఇసుకను తవ్వి తీసుకుని మళ్లీ సముద్రంలో పడ్డారు. వెనకబడిన సార్జెంట్ కేకేస్తే, మునిగిపోతున్నాడేమోనని మేజర్ వెనక్కి ఈదాడు. తీరా చూస్తే సార్జెంట్ అరిచింది కొత్త సంవత్సరపు శుభాకాంక్షలు!

జనవరిలో ఇద్దరూ బుల్లి జలాంతర్గామిలో నార్మండీలోని ఒమాహా తీరాన్నీ చూసొచ్చారు. ఇక్కడ దిగితే చాలామంది పోతారని అమెరికన్ జనరల్ బ్రాడ్లీని స్కాట్ బౌడెన్ హెచ్చరించాడు. తెలుసు నాయనా అన్నాడట బ్రాడ్లీ.