చొక్కా వెనుక చేను

విశాఖ దగ్గరి పద్మనాభం ఊరి పక్కనుంచి పారే గోస్తనీ నది భీమిలి దగ్గర సముద్రంలో కలుస్తుంది. 17వ శతాబ్దంలో డచ్చివాళ్లు ఆ భీమిలిలోనే కోఠీ కట్టి, ఈ ప్రాంతపు నేతబట్టలు కొని ఓడలకెక్కించారు. అప్పట్లో బేరమంతా గుడ్డ నాణ్యత మీదే నడిచేది. ఇప్పుడు విశాఖ నుంచి సేంద్రియ దుస్తులు పంపాలంటే కొనేవాడు ఇంకా వెనక్కి వెళ్తాడు. ఈ పత్తి ఏ చేలో పండింది? రంగు అద్దాక మిగిలిన నీళ్లు ఎటు పోయాయి? కుట్టినవాళ్లకు కూలి సరిగా అందిందా?

వీటికి జవాబుగా 2006లో వచ్చింది గ్లోబల్ ఆర్గానిక్ టెక్స్‌టైల్ స్టాండర్డ్. అందరూ గోట్స్ అంటారు. బట్టలో 95 శాతం సేంద్రియ నార ఉంటే ‘ఆర్గానిక్’, కనీసం 70 ఉంటే ‘మేడ్ విత్ ఆర్గానిక్’. జిన్నింగ్ మిల్లు, నూలు మిల్లు, నేత, అద్దకం, కుట్టు... అన్నిచోట్లా సర్టిఫికెట్ ఉండాలి. ఒక్కచోట తెగినా లేబుల్ రాదు. సరుకు చేతులు మారినప్పుడు ట్రాన్సాక్షన్ సర్టిఫికెట్ దాని వెంట నడవాలి.

అసలు తనిఖీ తూకంలో ఉంది. క్వింటా పత్తి ఆడిస్తే దూది సుమారు 33 నుంచి 35 కిలోలు వస్తుంది, మిగతాది దాదాపు అంతా పిక్కలే. కొన్న పత్తికి మించి దూది అమ్మినట్టు రాస్తే దొంగలెక్కే. అయినా మోసం ఆగలేదు. 2020 అక్టోబరులో మనదేశంలో 20,000 టన్నుల పత్తికి నకిలీ సర్టిఫికెట్లు పుట్టించారని గోట్స్ బయటపెట్టి, 11 కంపెనీలపై నిషేధం వేసింది. కుట్టు ఫ్యాక్టరీలో ఫైళ్లు తిరగేస్తే ఇలాంటివి దొరకవు. ఎగుమతిదారు చేను గట్టు దాకా వెళ్లి తీరాలి.

చేలో కష్టం తక్కువేమీ కాదు. జన్యుమార్పిడి చేసిన బీటీ పత్తికి 2002లో అనుమతి వచ్చింది. ఇప్పుడు దేశంలో పత్తి సాగు దాదాపు అంతా అదే. గోట్స్‌కు జన్యుమార్పిడి పత్తి పనికిరాదు. బీటీ కాని విత్తనం దొరకాలి, పక్క చేని పుప్పొడి సోకకూడదు, మిల్లులో మామూలు పత్తితో కలవకూడదు. వీటికి తోడు మార్పిడి కాలం. రెండేళ్లపాటు రసాయనాలు మానేసి పండించినా పంటను సేంద్రియమని అమ్ముకోవడానికి లేదు. రైతు చేతులెత్తేసేది అక్కడే. ఆదిలాబాద్ వైపు 2004 నుంచి చేతన ఆర్గానిక్ అనే సంస్థ చిన్న రైతులను సంఘాలుగా కూడగట్టి పనిచేస్తున్నది. సర్టిఫికెట్ ఖర్చు ఒక్కో రైతు విడిగా మోయలేడు, గుంపుగానైతే మోయగలడు.

పద్మనాభం నుంచి ఈశాన్యంగా విజయనగరం దాటి వెళ్తే ఖాదీకి పేరున్న పొందూరు. అక్కడ కొండపత్తిని వాలుగ చేప దవడతో దువ్వుతారు. ఆ సన్నని పళ్లు నారను తెగనివ్వకుండా చెత్తను లాగేస్తాయి. ఏకులు చుట్టి ఎండిన అరటి డొప్పలో దాస్తారు. చేతి రాట్నం మీద వంద కౌంటు నూలు తీసి పంచెలు నేస్తారు. ఇంత చేసినా ఆ పంచెను విదేశంలో ‘ఆర్గానిక్’ అని అమ్మడానికి ఖాదీ మార్క్ సరిపోదు. అది చేతి వడుకుకు, చేనేతకు పూచీ పడుతుంది గానీ చేలో మందు కొట్టలేదని చెప్పదు.

కొండపత్తి రైతులను సంఘంగా చేర్చి, తనిఖీ ఖర్చు ప్రభుత్వం భరించాలి. విశాఖ దగ్గరి అచ్యుతాపురంలోనైనా మరెక్కడైనా సేంద్రియ దుస్తులు కుట్టించి పంపే కంపెనీలు మార్పిడి కాలపు రెండేళ్ల పంటకు ముందే ధర రాసివ్వాలి. మార్పిడి కాలపు నష్టం రైతు ఒక్కడి మీదే పడేస్తే ఆ చేను మూడో ఏటికి మళ్లీ బీటీకే వెళ్తుంది.