శీతల ఎడారి సాగులో నేల శిలీంధ్రాలు

లద్దాఖ్‌లోని లేహ్ సముద్ర మట్టానికి దాదాపు 3,500 మీటర్ల ఎత్తున ఉంది. ఏడాది వర్షపాతం సుమారు 100 మిల్లీమీటర్లే. మంచు, హిమానీనదాలు కరిగిన నీటిని కాలువల ద్వారా మళ్ళించి అక్కడి రైతులు బార్లీ, గోధుమ, బఠాణి పండిస్తారు. సాగు వల్ల నేలలోని శిలీంధ్రాలు క్షీణిస్తాయన్న మాట ఇటువంటి చోట సగమే నిజం. ఇసుక పాలు హెచ్చుగా, సేంద్రియ కర్బనం స్వల్పంగా ఉన్న ఆ నేలకు తడి, పశువుల ఎరువు, పైరు వేళ్ళు చేరినప్పుడే సేంద్రియ పదార్థాన్ని కుళ్ళబెట్టే శిలీంధ్రాలకు తగినంత ఆహారం లభిస్తుంది.

వేళ్ళతో సహజీవనం చేసే ఆర్బస్క్యులర్ మైకోరైజా సంగతి వేరు. ఇవి సజీవమైన వేరు నుండి మాత్రమే కర్బనాన్ని గ్రహించి, బదులుగా భాస్వరం, జింకు అందిస్తాయి. దుక్కితో వీటి తంతువుల వల తెగిపోతుంది. పొలం ఖాళీగా ఉండే సుదీర్ఘ శీతకాలంలో ఇవి ప్రధానంగా సిద్ధబీజాలుగా, పాత వేరు ముక్కల్లో నిలుస్తాయి. అందువల్ల వసంతంలో వేసే పైరు వీటికి ఆశ్రయమిచ్చేదా, కాదా అన్నది కీలకం. బార్లీ, బఠాణి, లూసర్న్ ఆశ్రయమిస్తాయి. ఆవాలు, క్యాబేజీ ఇవ్వవు. ఆవాలు అక్కడ పాత పంటే. అయితే మార్కెట్ కోసం క్యాబేజీ వంటి కూరగాయల సాగు కొన్ని దశాబ్దాలుగా పెరిగింది. వాటికి భాస్వరపు ఎరువు అధికంగా వేస్తే తరువాతి పైరు వేళ్ళలోనూ మైకోరైజా తగ్గుతుంది.

సాధారణ భూసార పరీక్షలో ఈ తేడా కనబడదు. క్యాబేజీ తరువాత వేసిన బార్లీలో భాస్వర లోపం కనిపిస్తే, ఎరువు మోతాదు పెంచమనే ముందు విస్తరణ శాస్త్రవేత్త ఆ పొలంలోని గత పంటల వరుసను అడిగి తెలుసుకోవాలి. మైకోరైజా జీవన ఎరువును దూరం నుండి తెచ్చి వేయడం కన్నా, ఆ వరుసలో బఠాణినో లూసర్న్‌నో చేర్చడమే మేలని నా అభిప్రాయం.