కొత్త ఫోన్ కొంటున్నారా? మెగాపిక్సెల్స్ తర్వాత చూద్దురు గానీ.. ముందు ఈ ఒక్క ప్రశ్న అడగండి!

పండగ సేల్ వచ్చిందంటే చాలు.. ఫోన్ కొనేవాళ్లు చూసేవి మూడే. కెమెరా ఎన్ని మెగాపిక్సెల్స్? ర్యామ్ ఎంత? చార్జింగ్ ఎంత స్పీడ్? ఈ మూడూ డబ్బా మీద పెద్ద పెద్ద అంకెల్లో ఉంటాయి. కానీ ఆ ఫోన్ మీ దగ్గర ఎన్నేళ్లు భద్రంగా పనిచేస్తుందో చెప్పే అంకె ఇంకొకటి ఉంది. అది చాలా డబ్బాల మీద కనిపించదు. షాపులో కుర్రాడు తనంతట తాను చెప్పడు. అన్‌బాక్సింగ్ వీడియోలో చివర్లో ఎక్కడో ఒక్క ముక్కలో దాటిపోతుంది. అదే సాఫ్ట్‌వేర్ అప్‌డేట్స్ గడువు.

అప్‌డేట్ అంటే మనలో చాలామందికి చిరాకే. డేటా అయిపోతుంది, ఫోన్ కాసేపు ఆగిపోతుంది, ఐకాన్లు మారిపోతాయి. ‘తర్వాత చూద్దాంలే’ అని నొక్కేస్తాం. కానీ బ్యాంక్ ఖాతా, యూపీఐ, ఆధార్ ఓటీపీ, ఇంట్లోవాళ్ల ఫొటోలు అన్నీ ఒకే ఫోన్‌లో ఉన్న రోజులివి. అందుకే ఈ విషయం కాస్త వివరంగా తెలుసుకోవాలి.

రెండు రకాల అప్‌డేట్స్.. తేడా ఏంటి?

మొదటిది ఆండ్రాయిడ్ వెర్షన్ అప్‌డేట్. ఆండ్రాయిడ్ 13, 14, 15 అంటూ దాదాపు ఏడాదికొకటి వస్తుంది. కొత్త ఫీచర్లు, కొత్త రూపం ఇందులో ఉంటాయి. రెండోది సెక్యూరిటీ ప్యాచ్. దీంతో ఫోన్ చూడ్డానికి ఏమీ మారదు. లోపల బయటపడ్డ లోపాలను మాత్రం పూడుస్తుంది.

ఇంటితో పోల్చి చెప్పాలంటే.. మొదటిది ఇంటికి కొత్త గది కట్టించడం. రెండోది వదులైన గొళ్లెం బాగు చేయించడం. గది లేకపోయినా ఎలాగోలా గడుస్తుంది, గొళ్లెం పడకపోతే మాత్రం రాత్రిపూట నిద్ర పట్టదు కదా!

అలాగని మొదటిదాన్నీ తేలిగ్గా తీసుకోవద్దు. ఏదైనా యాప్ మీ కెమెరా, మైక్ వాడుతుంటే స్క్రీన్ పైమూలన పచ్చ గుర్తు వెలుగుతుంది చూశారా? అది 2021లో ఆండ్రాయిడ్ 12తో వచ్చింది. ఇక వాట్సాప్‌లో పెళ్లి శుభలేఖ అనో, ట్రాఫిక్ చలానా అనో ఏపీకే ఫైల్ పంపి డబ్బులు కొట్టేసే మోసాలు ఇప్పుడు అందరికీ తెలుసు. అలాంటి యాప్‌లలో కొన్ని ‘యాక్సెసబిలిటీ’ అనే అనుమతి అడుగుతాయి. అది ఇచ్చామంటే మన స్క్రీన్ మీద ఉన్నది చదవొచ్చు, మన బదులు బటన్లు నొక్కొచ్చు. ఇలా బయటినుంచి వేసిన యాప్‌లకు ఆ అనుమతి అంత తేలిగ్గా దక్కకుండా 2022లో ఆండ్రాయిడ్ 13లో ఒక అడ్డుకట్ట పెట్టారు. ఆండ్రాయిడ్ 11 దగ్గరే ఆగిపోయిన ఫోన్‌లో ఈ రెండూ ఉండవు.

ఒక్క వీడియో మెసేజ్‌తో మొదలైన కథ

నెలనెలా సెక్యూరిటీ ప్యాచ్ అనే పద్ధతి మొదటినుంచీ లేదు. 2015 జులైలో ‘స్టేజ్‌ఫ్రైట్’ అనే లోపం బయటపడింది. ఆండ్రాయిడ్‌లో వీడియోలను ప్లే చేసే భాగంలోనే ఆ లోపం ఉంది. ప్రత్యేకంగా తయారుచేసిన ఒక వీడియో మెసేజ్ పంపితే చాలు.. అవతలివాళ్లు దాన్ని తెరవకపోయినా కొన్ని ఫోన్లలోకి చొరబడే వీలుందని సెక్యూరిటీ నిపుణులు తేల్చారు. కోట్ల ఫోన్లకు ఆ ముప్పు ఉందని తెలిసి ప్రపంచమంతా ఉలిక్కిపడింది.

ఆ మరుసటి నెలలోనే గూగుల్, శాంసంగ్ నెలవారీ సెక్యూరిటీ అప్‌డేట్స్ ఇస్తామని ప్రకటించాయి. అప్పటినుంచి గూగుల్ ప్రతి నెలా దొరికిన లోపాల జాబితా బయటపెడుతోంది. ఇందులో ఒక తిరకాసు ఉంది. లోపం ఎక్కడుందో జాబితాలో అందరూ చూడొచ్చు.. దొంగలు కూడా! ప్యాచ్ వచ్చిన ఫోన్‌లో ఆ తలుపు మూసుకుపోతుంది. రాని ఫోన్‌లో తలుపు తెరిచే ఉంటుంది, పైగా ఆ తలుపు ఎక్కడుందో ఊరందరికీ తెలిసిపోతుంది.

కంపెనీలు ఎందుకు ఆపేస్తాయి?

ప్యాచ్ తయారుచేసేది గూగుల్. కానీ అది నేరుగా మీ ఫోన్‌కు రాదు. చిప్ తయారుచేసిన క్వాల్‌కామ్, మీడియాటెక్ లాంటి కంపెనీలు తమ భాగాన్ని సరిచేయాలి. తర్వాత ఫోన్ కంపెనీ తన సొంత డిజైన్‌కు సరిపోయేలా మార్చి, ఒక్కో మోడల్ మీద పరీక్షించి వదలాలి. ఏడాదికి ఇరవై ముప్పై మోడళ్లు దించే కంపెనీకి ఇది పెద్ద పనే.

పైగా కంపెనీకి డబ్బు వచ్చేది ఫోన్ అమ్మినప్పుడు. ఆ తర్వాత ఇచ్చే ప్రతి అప్‌డేట్ ఖర్చే. పాత ఫోన్ బాగా నడుస్తుంటే మీరు కొత్తది కొనరు కూడా. అందుకే తక్కువ ధర ఫోన్లకు రెండు మూడేళ్లకే చేతులు దులిపేసుకోవడం చాలాకాలంగా మామూలైపోయింది.

గూగుల్ కూడా కొన్ని దారులు వెతికింది. 2019లో ఆండ్రాయిడ్ 10 నుంచి కొన్ని ముఖ్య భాగాలను ఫోన్ కంపెనీతో పనిలేకుండా ప్లే స్టోర్ ద్వారానే సరిచేసే ఏర్పాటు చేసింది. సెట్టింగ్స్‌లో ‘గూగుల్ ప్లే సిస్టమ్ అప్‌డేట్’ అని కనిపించేది అదే. మంచిదే కానీ, చిప్‌కు సంబంధించిన లోపాలు దాంతో పోవు.

గడువు లెక్క ఎప్పటి నుంచి?

అసలు దెబ్బ తగిలేది ఇక్కడే. ‘మూడేళ్ల సెక్యూరిటీ అప్‌డేట్స్’ అంటే మీరు కొన్న రోజు నుంచి మూడేళ్లు అనుకుంటాం. సాధారణంగా ఆ లెక్క మోడల్ మార్కెట్లోకి వచ్చిన రోజు నుంచి మొదలవుతుంది.

ఉదాహరణకు ఒక ఫోన్ 2023 అక్టోబర్‌లో లాంచ్ అయింది, మూడేళ్ల గడువు ఇచ్చారు అనుకుందాం. 2025 దసరా సేల్‌లో ‘భారీ తగ్గింపు’ చూసి మీరు దాన్ని కొన్నారు. మీ చేతికి కొత్తగా వచ్చిన ఆ ఫోన్‌కు మిగిలింది ఒక్క ఏడాదే! పచ్చళ్ల సీసా కొంటే ఎప్పటిదాకా నిల్వ ఉంటుందో తిప్పి చూస్తాం. పదిహేను వేల ఫోన్‌కు మాత్రం ఆ తేదీ ఎవరూ అడగరు.

ఒక చిన్న లెక్క వేద్దాం. 12 వేల ఫోన్‌కు రెండేళ్ల గడువు మిగిలి ఉంటే ఏడాదికి 6 వేలు పడ్డట్టు. 18 వేల ఫోన్‌కు ఆరేళ్లు ఉంటే ఏడాదికి 3 వేలు. మధ్యలో ఒకసారి బ్యాటరీ మార్పించిన ఖర్చు కలిపినా రెండోదే చవక. ‘తక్కువ ధర’ అని కొన్నదే చివరికి ఎక్కువ పడుతుంది.

అప్‌డేట్ ఆగిపోతే ఫోన్ పారేయాలా?

అక్కర్లేదు. ఇక్కడ భయపెట్టాల్సిన పని లేదు. గడువు తీరిన మర్నాడే ఫోన్ హ్యాక్ అయిపోదు. వాట్సాప్, యూపీఐ లాంటి యాప్‌లకు విడిగా అప్‌డేట్స్ వస్తూనే ఉంటాయి. పైగా మన దగ్గర డబ్బులు పోయే కేసుల్లో ఎక్కువ భాగం ఓటీపీ చెప్పించుకోవడం, ఏపీకే ఫైల్ వేయించడం, పోలీసులమని బెదిరించడం లాంటివే. వాటికి ఎంత కొత్త ఫోన్ ఉన్నా లాభం లేదు, మన జాగ్రత్తే దిక్కు.

అయితే ప్రమాదం నెలనెలా పేరుకుంటూ పోతుంది. కొన్నాళ్లకు యాప్‌లే పాత ఫోన్లను వదిలేస్తాయి. వాట్సాప్ 2023 అక్టోబర్ 24 నుంచి ఆండ్రాయిడ్ 5 కంటే పాత ఫోన్లకు సపోర్ట్ తీసేసింది. బ్యాంక్ యాప్‌లు కూడా కొన్నేళ్లకోసారి కనీస వెర్షన్‌ను పెంచుకుంటూ పోతాయి. ఫోన్ ముక్క చెక్కుచెదరకుండా ఉన్నా అందులో బ్యాంక్ పని జరగదు.

పాత ఫోన్ ఎవరి చేతికి వెళ్తోంది?

ఈ విషయంలో నన్ను ఎక్కువగా కలవరపెట్టేది ఇదే. మన ఇళ్లలో పాత ఫోన్ ఎక్కడికీ పోదు. కొడుకో కూతురో కొత్తది కొనుక్కుంటే పాతది అమ్మకో, నాన్నకో, ఊళ్లో అమ్మమ్మకో వెళ్తుంది. ‘వాళ్లకేం కావాలి.. వీడియో కాల్, యూట్యూబ్ చాలు’ అంటాం.

కానీ పింఛను పడేది, రైతు సాయం డబ్బులు పడేది, వాటి మెసేజ్‌లు వచ్చేది ఆ ఫోన్‌కే. ఏ లింక్ నొక్కొచ్చో, ఏది నొక్కకూడదో తెలియనివాళ్ల చేతిలోకే ఇంట్లో అన్నిటికంటే రక్షణ తక్కువ ఉన్న ఫోన్ వెళ్తోంది. ఇంట్లో అందరికీ తాళాలు వేసి, పెద్దవాళ్లు పడుకునే గదికి మాత్రం తలుపు తీసిపెట్టినట్టుంది ఈ పద్ధతి. ఇవ్వొద్దని కాదు.. ఇచ్చే ముందు ఆ ఫోన్ గడువు ఎంత మిగిలుందో చూడండి. తీరిపోయి ఉంటే యూట్యూబ్‌కు ఉంచి, బ్యాంక్ సిమ్, యూపీఐ మాత్రం వేరే ఫోన్‌లో పెట్టండి.

డబ్బా మీద అంకెల గారడీ

గడువు కనిపించకపోవడానికి ఇంకో కారణం.. మిగతా అంకెలు మరీ గట్టిగా అరుస్తుంటాయి. 108 మెగాపిక్సెల్ కెమెరా మామూలు మోడ్‌లో తొమ్మిది పిక్సెల్స్‌ను కలిపి ఒకటిగా చేసి 12 మెగాపిక్సెల్ ఫొటోనే ఇస్తుంది. వెనకాల కనిపించే 2 మెగాపిక్సెల్ మాక్రో, డెప్త్ కెమెరాలు చాలావరకు లెక్క పెంచడానికే.

‘16 జీబీ ర్యామ్’ అని రాసి, కింద చిన్న అక్షరాల్లో 8 ప్లస్ 8 అని ఉంటే రెండో 8 అసలు ర్యామే కాదు. స్టోరేజ్‌లో కొంత భాగాన్ని ర్యామ్‌లా వాడుకోవడం అది. అసలు ర్యామ్ అంత వేగం దానికి రాదు.

రివ్యూ వీడియోల సంగతీ అంతే. లాంచ్ వారంలో వందల వీడియోలు వస్తాయి. మూడో ఏడాది ఆ ఫోన్ ఎలా ఉందో చెప్పే వీడియో వెతికి పట్టుకోవాల్సిందే. డబ్బు తీసుకుని గానీ, ఉచితంగా ఫోన్ తీసుకుని గానీ చేసే వీడియోలో ఆ విషయం స్పష్టంగా చెప్పాలని కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2023 జనవరిలో మార్గదర్శకాలు ఇచ్చింది. వీడియో చూసేటప్పుడు ముందు ఆ ముక్క ఉందో లేదో చూడండి.

ఎవరు ఎన్నేళ్లు ఇస్తున్నారు?

పరిస్థితి కొంత మారుతోంది. 2023 అక్టోబర్‌లో పిక్సెల్ 8తో గూగుల్, 2024 జనవరిలో గెలాక్సీ ఎస్24తో శాంసంగ్ ఏడేళ్ల అప్‌డేట్స్ హామీ ఇచ్చాయి. ఇవి ఖరీదైన ఫోన్లు. కానీ 2024 అక్టోబర్‌లో మన దగ్గర 20 వేల లోపు మొదలైన గెలాక్సీ ఏ16 5జీకి కూడా ఆరేళ్లు ప్రకటించారు. అంటే బడ్జెట్ ఫోన్‌కు ఇవ్వడం అసాధ్యమేమీ కాదని తేలిపోయింది. ఐఫోన్ల విషయానికొస్తే, 2018లో వచ్చిన ఐఫోన్ ఎక్స్‌ఎస్‌కు 2024లో వచ్చిన ఐఓఎస్ 18 కూడా అందింది.

యూరప్‌లో ఏకంగా నిబంధనే తెచ్చారు. 2025 జూన్ 20 నుంచి అక్కడ మార్కెట్లోకి వచ్చే ఫోన్లకు.. ఆ మోడల్ చివరి పీస్ మార్కెట్లోకి వదిలిన రోజు నుంచి కనీసం ఐదేళ్లు అప్‌డేట్స్ అందుబాటులో ఉంచాలి. లెక్క లాంచ్ రోజు నుంచి కాదు, చివరి పీస్ నుంచి.. గమనించారా? మన దేశంలో 2022 డిసెంబర్‌లో ‘రైట్ టు రిపేర్’ పోర్టల్ మొదలైంది. రిపేర్ ఎంత సులువో ఫోన్లకు మార్కులు వేసే సూచీపై కమిటీ 2025 మేలో నివేదిక ఇచ్చింది. ఆ మార్కులకు చూసే అంశాల్లో సాఫ్ట్‌వేర్ అప్‌డేట్స్ కూడా ఉన్నాయి.

మీ ఫోన్ సంగతి ఇలా చెక్ చేసుకోండి

- సెట్టింగ్స్‌లో ‘అబౌట్ ఫోన్’లోకి వెళ్లి ఆండ్రాయిడ్ వెర్షన్ నొక్కండి. ‘సెక్యూరిటీ అప్‌డేట్’ అని ఒక తేదీ ఉంటుంది. కొన్ని ఫోన్లలో ఇది ‘సాఫ్ట్‌వేర్ ఇన్ఫర్మేషన్’ కింద ఉంటుంది.
- ఆ తేదీ రెండు మూడు నెలల లోపుదైతే పర్వాలేదు. ఏడాది దాటి, కొత్త అప్‌డేట్ కూడా చూపించకపోతే గడువు తీరిపోయి ఉండొచ్చు. కంపెనీ వెబ్‌సైట్‌లో మీ మోడల్ వెతకండి.
- కొత్త ఫోన్ కొనేముందు షాపులో రెండే అడగండి. ఈ మోడల్ ఎప్పుడు లాంచ్ అయింది? సెక్యూరిటీ అప్‌డేట్స్ ఏ సంవత్సరం దాకా? నోటిమాట నమ్మొద్దు, కంపెనీ సైట్‌లో చూపించమనండి.
- పెద్దవాళ్ల ఫోన్‌లో ప్లే ప్రొటెక్ట్ ఆన్‌లో ఉందో లేదో చూడండి. వాట్సాప్ నుంచి యాప్‌లు ఇన్‌స్టాల్ చేసే అనుమతి తీసేయండి.
- డబ్బు పోతే ఆలస్యం చేయకుండా 1930కి కాల్ చేయండి. ఫోన్, సర్వీస్ మీద ఫిర్యాదుకు వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915.

నా మటుకు నాకు అనిపించేది ఒక్కటే. ఫ్రిజ్ మీద స్టార్లు అంటించినట్టు, ప్రతి ఫోన్ డబ్బా మీదా ‘అప్‌డేట్స్ ఫలానా నెల, ఫలానా సంవత్సరం దాకా’ అని అచ్చువేయడం తప్పనిసరి చేయాలి. దానికి పెద్ద టెక్నాలజీ అక్కర్లేదు, ఒక్క లైన్ చాలు. అది వచ్చేదాకా ఆ ప్రశ్న మనమే అడగాలి. పదిమంది అడిగితే షాపువాడు జవాబు తెలుసుకుని పెట్టుకుంటాడు. లక్షమంది అడిగితే కంపెనీయే డబ్బా మీద వేస్తుంది.